నాయిన కట్టిన పట్టీలు

మా అవ్వకు కాళ్ళ పట్టీలు లేవు. పెండ్లినాడు పెట్టిన వెండి గొలుసులు నేను పుట్టకముందే మార్వాడి దుకాణం పాలయ్యాయట. కానీ మా ఇంటి ముందర దండెం మీద ఏడాది పొడుగునా పట్టీలు ఆరుతుండేవి. ఎర్రవి, నీలివి, తెల్లవి. నాలుగైదు అంగుళాల వెడల్పు, మూడు నాలుగు గజాల పొడుగు. బస్తీకి కొత్తగా వచ్చినవాళ్ళు చూసి, "మీ ఇంట్ల ఎవలికి దెబ్బ తాకింది?" అని అడిగేవాళ్ళు.

"ఎవలికి తాకలే. గుర్రాలకు తాకకుండ" అనేది అవ్వ.

మా నాయిన మలక్‌పేటలో రేసు గుర్రాల దగ్గర సైసు. బడిలో పేరు రాయించిన రోజు, తండ్రి వృత్తి ఏమిటని సారు అడిగితే, "గుర్రాల కాళ్ళకు పట్టీలు కడతడు" అని చెప్పాను. క్లాసంతా నవ్వింది. సారు కూడా నవ్వి, "కూలి" అని రాసుకున్నాడు.

పట్టీ చుట్టడం నాకు అ ఆల కంటే ముందే వచ్చింది. అవ్వ ఉతికి ఆరేసేది. నేను తొడ మీద పెట్టుకొని చుట్టేవాణ్ణి. కట్టే నాడా ఉన్న కొస లోపలికి పోవాలి, అప్పుడే గుర్రం కాలికి చుట్టినంక అది పైకి వస్తుంది. చుట్ట గట్టిగా రావాలి. చుట్ట వదులైతే కాలిమీద కట్టు కూడా వదులవుతుంది. ముడత ఉంటే నాయిన మొత్తం విప్పేసి మళ్ళీ చుట్టమనేవాడు. ఉతికినందుకు అవ్వకుగానీ, చుట్టినందుకు నాకుగానీ ఎవరూ పైసా ఇవ్వలేదు. అడగాలని మాకూ తెలియదు. సబ్బు బిళ్ళ మాత్రం లాయం నుంచి వచ్చేది. దాంట్లోంచి చిన్న తునక కోసి నా తలస్నానానికి దాచేది అవ్వ.

నాయిన ఈ పనికి ఎట్లా వచ్చాడో చెప్పాలంటే మా ఊరి సంగతి చెప్పాలి.

మాది పాలమూరు జిల్లాలో ఒక ఊరు. మేం మాదిగోళ్ళం. మా తాత చెప్పులు కుట్టేవాడు. ఊర్లో పశువు చస్తే మోసుకొచ్చి తోలు ఒలిచేవాడు. లందలో సున్నం నీళ్ళల్లో నానబెట్టి, వెంట్రుక గీకి, తంగేడు చెక్కతో ఊరబెట్టి తోలు తయారుచేసేవాడు. మోటకు తోలు బొక్కెన, ఎడ్లకు వార్లు, కాపోళ్ళకు కిర్రుచెప్పులు. పంట వచ్చినప్పుడు కల్లం కాడ ఇన్ని గింజలు కొలిచేవాళ్ళు. ఊరందరి కాళ్ళ కొలతలు మా తాతకు తెలుసు. ఎవరి బొటనవేలు పెద్దది, ఎవరి మడమ పగులుతుంది, ఎవరు కాలు ఈడ్చి నడుస్తారు, అన్నీ తెలుసు. ఆయన కాళ్ళు మాత్రం ఉత్తయే.

నాయినకు పద్దెనిమిదేండ్లు వచ్చినప్పుడు తాత ఆయన కోసం ఒక జత కుట్టాడు. అవి తొడుక్కొని నాయిన దొర ఇంటి ముందర నుంచి నడిచాడు. మావాళ్ళు ఆ ఇంటి కాడికి రాగానే చెప్పులు విడిచి చేతబట్టుకోవాలి. దాటినంక వేసుకోవాలి. ఆ కట్టు ఊర్లో అందరికీ తెలుసు. నాయినకూ తెలుసు. తెలిసే నడిచాడు. ఆ చెప్పులను నెత్తిమీద పెట్టించి వాడదాకా నడిపించారు. తాత ఆ రాత్రి ఆ జతను లందలో పడేశాడట. వారం తిరక్కముందే నాయిన పట్నం బస్సెక్కాడు.

మలక్‌పేటలో మా దూరపు చుట్టం ఒకాయన లాయాలకు గడ్డి మోసేవాడు. ఆయన వెంట పోయి నాయిన పనిలో చేరాడు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో, 1886లో, మౌలాలి నుంచి మలక్‌పేటకు మారిన రేసులవి. గెలిచిన గుర్రాల పేర్లు, యజమానుల పేర్లు గోడలకెక్కుతాయి. పేడ ఎత్తినవాళ్ళ పేర్లు ఎవరు రాస్తారు? పేడ వాసన, చెమట వాసన, తోలు వాసన అసహ్యపడనోడు కావాలన్నారు. మా నాయిన పుట్టిందే ఆ వాసనలో. ఊర్లో ముట్టుకుంటే మైల అన్న చేతిని, ఐదు క్వింటాళ్ళ బరువుండే గుర్రం నమ్మి తన కాలు ఇచ్చింది.

సైసు పని పొద్దున నాలుగింటికి మొదలు. దానా పెట్టాలి, ఖరారా పట్టాలి, నడిపించాలి, మాలిష్ చేయాలి. అందరూ చేసే పని అది. కానీ గుర్రాలను వేరే ఊరి రేసులకు లారీలో పంపేటప్పుడు మాత్రం పక్క లాయాల వాళ్ళు కూడా మా నాయిన కోసం వచ్చేవాళ్ళు. లారీ కుదుపులకు కాళ్ళు దెబ్బతినకుండా పట్టీ కట్టడంలో ఆయన చెయ్యి అటువంటిది.

ఆయన నాకు చెప్పింది చెప్పినట్టే రాస్తాను.

"గుర్రం కాలుమీద నిలబడదు బిడ్డా, గోరుమీద నిలబడతది. కాలికి ఒక్కటే వేలు, ఒక్కటే గోరు. మోకాలి కింద కండ లేదు. ఎముక, ఎముక ఎనక నరం, పైన తోలు. గంతే. మనం చూసుకోవాల్సింది గా జానెడు జాగనే."

నరం అనేవాడుగాని అది నరం కాదు. కండను ఎముకకు పట్టి ఉంచే తాడు. అది చిట్లితే మానడానికి నెలలు పడుతుంది. మానినా మునుపటి బలం రాదు. లక్షల గుర్రం ధరంతా ఆ జానెడు జాగలో ఉంటుంది.

లారీలో గుర్రం పడే అవస్థ ఏమిటంటే, నిండు బస్సులో కడ్డీ పట్టుకోకుండా నిలబడ్డవాడిని తలుచుకోండి. బ్రేకు వేస్తే ముందుకు పడతాడు, మలుపు తిరిగితే పక్కకు ఒరుగుతాడు. గుర్రానికి పట్టుకోవడానికి చేతుల్లేవు. నాలుగు కాళ్ళు ఎడం చేసి ఆపుకోవాలి. ఆపుకోలేనప్పుడు ఒక కాలితో ఇంకో కాలిని తొక్కుకుంటుంది. గిట్టకు ఇనప లాడం ఉంటుంది కదా, అది గిట్ట పైన వెంట్రుకలు మొదలయ్యే మెత్తటి అంచును కోసేస్తుంది. భయపడితే వెనక చెక్కను తంతుంది. లారీలోకి పలక మీద ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ జారుతుంది. ఎక్కువ దెబ్బలు దారిలో కన్నా ఆ ఎక్కుడు దిగుడులోనే తగులుతాయని నాయిన అనేవాడు.

ముందు దూది పరుపు. మందంగా, ఎక్కడా గడ్డ కట్టకుండా, మోకాలి కింది నుంచి గిట్ట అంచు దాకా కాలు చుట్టూ పరిచేవాడు. దానిమీద పట్టీ. కాలి నడిమిట్ల మొదలుపెట్టి కిందికి దిగి, మడమ కీలును కప్పి, గిట్ట అంచు దాకా పోయి మళ్ళీ పైకి రావాలి. ప్రతి చుట్టూ కింది చుట్టును సగం కప్పాలి. ఎడమ కాలికి ఒక దిక్కు, కుడికాలికి దానికి ఎదురు దిక్కు. ఏ కాలికైనా ముందు ఎముక మీద నుంచి బయటికి, బయటి నుంచి వెనక్కి తిప్పాలి. "లాగుడు ఎముకమీద లాగు. నరంమీద లాగకు" అనేవాడు. ముడి బయటి పక్కన రావాలి. ముందు వస్తే ఎముకను ఒత్తుతుంది, వెనక వస్తే నరాన్ని కోస్తుంది. అంతా అయినాక కట్టు అంచులో వేలు పెట్టి చూసేవాడు. వేలు దూరాలి, కానీ ఆడకూడదు. దూది పైనా కిందా ఒక వేలెడు బయటికి కనబడాలి.

"వదులు కట్టినోడు గుర్రాన్ని బెదరగొడతడు. బిగ్గ కట్టినోడు గుర్రాన్ని కుంటిదాన్ని చేస్తడు. రానోడు కట్టకుండ ఉండుడే మేలు."

గిట్టలకు గంటల్లెక్క ఉండే రబ్బరు జోళ్ళు. తోక వెనక చెక్కకు రాసుకొని పుండు కాకుండా తోకకు కూడా పట్టీ. కొత్త గుర్రమైతే ముందు రోజు నుంచే పట్టీలతో లాయంలో నడిపించేవాడు. అలవాటు లేనిది ఒక్కసారి కడితే కాళ్ళు విదిలించి తన్నుకుంటుందని.

ఇదంతా చేసేటప్పుడు నాయిన గుర్రం కాళ్ళ దగ్గర గొంతుక్కూర్చునేవాడు. మోకాళ్ళు నేల కానించేవాడు కాదు, లేచి తప్పుకోవడానికి వీలు కావాలి. ఆయన కాళ్ళకు స్లిప్పర్లు. పట్టీ కట్టడానికి అడ్డమని అవి కూడా పక్కన విడిచేవాడు.

1987 ఎండకాలం. నేను ఏడో తరగతి రాసి ఇంటి దగ్గర ఉన్నాను. బెంగుళూరు రేసులకు నాలుగు గుర్రాలు పోతున్నాయి. నేనూ వస్తానని ఏడిస్తే డ్రైవరు జాలిపడి ఊకున్నాడు. పొద్దుగూకే యాళ్ళకు బయల్దేరాం. లారీ పక్క చెక్కలకు బొంతలు కట్టారు, కింద గడ్డి పరిచారు. గుర్రాల తలకాయల ముందర ఇంత జాగ ఉంటే అక్కడ గడ్డి మోపు మీద నేనూ నాయినా.

మూడు నాలుగు గంటలకోసారి నాయిన లారీ ఆపించేవాడు. నీళ్ళు పెట్టేవాడు. తలతాళ్ళు వదులు చేసి గుర్రాలను తల కిందికి దించనిచ్చేవాడు. ఎంతసేపూ తల ఎత్తి కట్టేస్తే దుమ్మూ చీమిడీ లోపలే ఉండి ఊపిరితిత్తులు పాడవుతాయని తరువాత చదువులో తెలుసుకున్నాను. నాయిన "తుమ్మనీయాలె" అనేవాడు, అంతే. తరవాత ఒక్కొక్క పట్టీ అంచులో వేలు పెట్టి వేడి చూసేవాడు. వేడి తేడా ఉంటే ఆ ఒక్క కాలి కట్టు విప్పి మళ్ళీ కట్టేవాడు. ఎండకాలం మందపు దూదిలో కాలు ఉడుకుతుంది.

కొత్తకోట దాటినంక నాయిన నన్ను తట్టి లేపాడు. చీకట్లో చెట్ల దిక్కు చెయ్యి చూపాడు.

"గా చెట్ల అవుతల మనూరు."

నేను కండ్లు నులుముకొని చూశాను. ఏమీ కనిపించలేదు. నాయిన చిన్నగా నవ్వాడు. "నాలుగు గుర్రాలకు పదారు జోళ్ళు తొడిగి ఊరి ముంగట్నుంచి తోలుకపోతున్న. ఏ దొర అడుగుతడో అడుగుమను."

ఆయన నోటి నుంచి ఊరి మాట నేను విన్నది అదే మొదలు.

డోన్ దాటి గుత్తి ఇంకా రాలేదు. ఏదో అడ్డమొచ్చింది. డ్రైవరు గట్టిగా బ్రేకు కొట్టాడు. గుర్రాలన్నీ ముందుకు తూలాయి. చివరి గుర్రం, నల్లది, మూడేండ్లది, వెనక కాళ్ళు జారి చెక్కకు తగిలి మళ్ళీ లేచింది. లేచేటప్పుడు ఎడమ వెనక కాలి పట్టీ ముడి ఊడింది. పట్టీ కొస కాలికి చుట్టుకొని ఈడ్చుకుపోతుంటే అది పామనుకుందో ఏమో, తన్నడం మొదలుపెట్టింది. ఇంకో నిమిషం పోతే తన పట్టీని తనే తొక్కి పడిపోతుంది. పడితే పక్క గుర్రాన్ని కూడా పడేస్తుంది.

నాయిన లారీ ఆగకముందే కడ్డీల కింది నుంచి దూరాడు. ఎట్లా పోయాడో నాకు తెలియదు. గుర్రం పొట్ట కింద ఆయన మాట మాత్రం వినబడుతున్నది. "హో బేటా, హో బేటా." కొంచెంసేపటికి గుర్రం నిలబడింది. నాయిన పట్టీ మొత్తం విప్పి, దూది సరిచేసి, మళ్ళీ మొదటినుంచి కట్టాడు. లాంతరు పట్టుకోమంటే నేను పట్టుకున్నాను. అప్పుడు చూశాను. గుర్రం నాయిన ఎడమకాలిని తొక్కింది. బొటనవేలూ పక్కవేలూ కలిసిపోయి ఉన్నాయి. గడ్డి తడిగా ఉంది. ఆయన కట్టడం ఆపలేదు. ముడి వేసి, వేలు పెట్టి చూసి, అప్పుడు వెనక్కి పాకి వచ్చాడు.

గడ్డి మోపు పక్కన సంచిలో కొత్త పట్టీ చుట్టలు రెండున్నాయి, దారిలో అవసరం పడితే ఉండాలని. కొత్త దూది కూడా ఉంది. నాయిన భుజం మీది తువ్వాల తీసి సగం చింపి కాలికి కట్టుకున్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చేరాం. మా లాయం పెద్దసాబు నిలబడి ఉన్నాడు. పశువుల డాక్టరు ఉన్నాడు. రాత్రి జరిగింది డ్రైవరు చెప్పాడు. డాక్టరు నల్లగుర్రం కాలు దగ్గర మోకాళ్ళమీద కూర్చున్నాడు. పట్టీ విప్పి పైనుంచి కిందికి వేళ్ళతో నొక్కి చూశాడు. గోరంత గీత లేదు. "బ్రహ్మాండంగ కట్టిండు" అన్నాడు ఇంగ్లీషు కలిపి. పెద్దసాబు ఊపిరి పీల్చుకున్నాడు. నాయిన పక్కనే నిలబడి ఉన్నాడు, తువ్వాల కాలితో. ఆ డాక్టరు మా నాయిన కాలు చూడలేదని నేను అనను. చూశాడు. చూసి నెత్తురు తన బూట్లకు అంటకుండా ఒక అడుగు పక్కకు జరిగాడు.

యాభై రూపాయలిచ్చి రెండు రోజులు పని తక్కువ చేయమన్నారు. నాలుగు గుర్రాలకు దానా ఎవరు పెడతారు? నాయిన పది రోజులూ పని చేశాడు. పట్నం వచ్చేసరికి కాలు నల్లబడి వాసన వస్తున్నది. సర్కారు దవాఖానలో రెండు వేళ్ళూ తీసేశారు. రెండు నెలలు జీతం లేదు. ఆ నల్లగుర్రం ఆ ఎండకాలమే ఒక పందెం గెలిచిందని లాయంలో మిఠాయి పంచారు. మా ఇంటికి కూడా ఒక పొట్లం వచ్చింది. తిన్నాం.

దవాఖాన నుంచి వచ్చిన రోజు రాత్రి కట్టు మార్చాల్సి వచ్చింది. గాజుగుడ్డ అయిపోయింది. అవ్వ పెట్టె అడుగు నుంచి, చినిగి లెక్కలోంచి తీసేసిన పాత పట్టీ ఒకటి తెచ్చింది. మసలే నీళ్ళల్లో వేసి ఆరబెట్టింది. పదేండ్లుగా ఆ పట్టీలు ఉతికింది గాని ఆమె ఎన్నడూ ఎవరి కాలికీ కట్టలేదు. నాయిన గోడకానుకొని చెబుతున్నాడు.

"ముందుగాల దూది. మడత పడనీయకు. అది ఎడమకాలు, ఇటు తిప్పు. ఎముకమీద లాగు, నరంమీద లాగకు."

అవ్వ చేతులు వణుకుతున్నాయి. నేను పట్టీ చుట్ట పట్టుకొని కొంచెం కొంచెం వదులుతున్నాను. కట్టడం అయినాక నాయిన తన కట్టు అంచులో తన వేలే పెట్టి చూసుకొని, "మంచిగున్నది" అన్నాడు.

అప్పుడడిగాను. "లారీల కొత్త పట్టీ ఉండె కద నాయినా, అదెందుకు కట్టుకోలే?"

"అది గుర్రానిది రా."

కోపంగా అనలేదు. బాధగా కూడా అనలేదు. ఎండ పొద్దున వస్తది అన్నట్టు అన్నాడు. నాకు కూడా ఆ రోజు కోపం రాలేదు. రావడానికి చాలా ఏండ్లు పట్టింది.

కోపం కంటే ముందు సిగ్గు వచ్చింది. అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

పదో తరగతి, ఇంటరు అయినంక పశువుల కాంపౌండరు శిక్షణలో సీటు వచ్చింది. 1995. ఒక రోజు సారు కాళ్ళ కట్ల గురించి పాఠం చెబుతూ, ఒక ముసలి గుర్రాన్ని తెప్పించి, ఎవరన్నా కట్టి చూపండి అన్నాడు. ఎవరూ లేవలేదు. నేను పోయి గొంతుక్కూర్చున్నాను. చేతులు వాటంతట అవే కదిలాయి. దూది, పట్టీ, ఎముకమీద లాగుడు, బయటి ముడి, వేలు. నాలుగు కాళ్ళూ కట్టేదాకా క్లాసులో చప్పుడు లేదు. సారు వచ్చి వేలు పెట్టి చూసి, "ఎక్కడ నేర్చుకున్నవయ్యా?" అన్నాడు.

నా పక్కన దొరల పిల్లలున్నారు, కాపుల పిల్లలున్నారు. రిజర్వేషన్‌లో వచ్చిండని వెనక గొణిగేవాళ్ళున్నారు. మా నాయిన సైసు అని చెబితే, ఇంత చదువూ ఒక్క మాటలో పేడలోకి పోతుందనిపించింది.

"పుస్తకంలో చదివిన సార్" అన్నాను.

ఆ పుస్తకం ఏదో ఆయన అడగలేదు. నన్ను మెచ్చుకున్నాడు. ఆ మెప్పు నేను ఇంటికి తీసుకుపోలేదు. నాయినకు చెప్పలేదు. చెప్పాలంటే అబద్ధం కూడా చెప్పాలి కదా.

ఉద్యోగంలో చేరినంక, గుర్రాలను తరలించడానికి చట్టం ఏం చెబుతుందో చదివాను. 1978 నాటి పశువుల రవాణా నియమాలున్నాయి. గుర్రాల లారీలో కాళ్ళు జారకుండా కింద పరచాలి, ఒక్కో బండిలో నాలుగు నుంచి ఆరింటి కన్నా ఎక్కువ ఎక్కించొద్దు, గంటకు 35 కిలోమీటర్లు దాటొద్దు అని రాశారు. బండికొక మనిషి వెంట ఉండాలని కూడా రాశారు. ఆ మనిషి ఎక్కడ కూర్చోవాలో, ఆయన కాళ్ళకేం తొడగాలో ఎక్కడన్నా ఉందేమోనని రెండుసార్లు వెతికాను. నాకు కనబడలేదు. నాయిన 1987లో లారీ వెంట పోయేనాటికే ఆ నియమాలకు తొమ్మిదేండ్లు.

గుర్రానికి కులం తెలియదని నాయిన అనేవాడు. తెలియదు, నిజమే. కానీ గుర్రాలకు కూడా మనుషులు కులం అంటగట్టారు. రేసు గుర్రానికి దూది, పట్టీలు, రబ్బరు జోళ్ళు, ఇప్పుడైతే అంటించుకునే రెడీమేడ్ బూట్లు. అదే గుర్రం ఉరకలేని రోజు వస్తే పెండ్లిళ్ళ బండికో టాంగాకో అమ్ముడుపోతుంది. అప్పుడు ఏ పట్టీ లేకుండా డీసీఎంలో రేకుమీద నిలబెట్టి తీసుకుపోతారు. మా దవాఖానకు పెండ్లి సీజన్‌లో అట్లాంటివి వస్తుంటాయి. గిట్ట అంచు తెగి, మోకాళ్ళు కొట్టుకుపోయి. నేను మందు రాసి పంపను. ఆ గుర్రం వెంట వచ్చిన పిల్లగాణ్ణి పక్కన కూర్చోబెట్టుకొని చూపిస్తాను. రేకు మీద ఇసుకో గడ్డో పరువు. పాత దుప్పటి ముక్క, దూది, పట్టీ ఇట్లా. రాకపోతే కట్టకు, నేర్చుకొని కట్టు. తరవాత వాడి కాళ్ళు చూస్తాను. ఎక్కువమందికి స్లిప్పర్లే ఉంటాయి. గట్టి బూట్లు లేకుండా గుర్రం వెనక్కి పోవద్దురా అని చెబుతాను. నవ్వుతారు.

ఆ పెండ్లి గుర్రాలను నడిపించేవాళ్ళలో మనవాళ్ళుంటారు. దానిమీద కూర్చోవడం వేరే సంగతి. 2015లో మధ్యప్రదేశ్ రత్లాం జిల్లాలో ఒక దళిత పెండ్లికొడుకు గుర్రమెక్కితే రాళ్ళు రువ్వారు. పోలీసులు హెల్మెట్ పెట్టి ఊరేగింపు సాగించారు. 2018లో గుజరాత్ భావనగర్ జిల్లాలో ఒక దళిత యువకుణ్ణి నరికి చంపారు. గుర్రం కొని ఎక్కుతుండని పగబట్టే చంపిండ్రని ఆయన తండ్రి చెప్పాడు. కాళ్ళు పట్టొచ్చు, పట్టీలు కట్టొచ్చు, పేడ ఎత్తొచ్చు. ఎక్కితేనే తప్పు. మా నాయిన ముప్ఫై ఏండ్లు గుర్రాలతో బతికాడు. ఒక్కనాడు ఎక్కి కూర్చోగా నేను చూడలేదు.

2025లో హైదరాబాద్ నుంచి 57 గుర్రాలను లారీల్లో జబల్‌పూర్ దిక్కు తరలించారు. తరువాతి రోజుల్లో వాటిలో ఎనిమిదికి పైగా చనిపోయాయి. ఎందుకు చనిపోయాయన్న వాదన హైకోర్టు దాకా పోయింది. పోవాల్సిందే. నోరులేని జీవాలు. నేను పేపరు చివరిదాకా చదివాను. గుర్రాల లెక్క ఉంది. వాటి వెంట అంత దూరం పోయిన మనుషుల లెక్క నా కంటబడలేదు.

నాయిన 2011లో పోయాడు. శవానికి స్నానం చేయించినంక కుల పెద్దమనిషి దారం తీసుకొని వచ్చాడు, రెండు కాళ్ళ బొటనవేళ్ళు కలిపి కట్టడానికి. ఎడమకాలికి బొటనవేలు లేదు. ఆయన దారం పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. ఎట్లా కట్టాలె అని ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు.

అవ్వ లోపలికి పోయి పెట్టె తెరిచింది. తెల్లపట్టీ తెచ్చి నా చేతికిచ్చింది. ఉతికి, గట్టిగా చుట్టి ఉంది, నాడా కొస లోపలికి. ఎన్నేండ్ల నుంచి దాచిందో నేను అడగలేదు.

గొంతుక్కూర్చున్నాను. దూది పెట్టి, రెండు కాళ్ళూ కలిపి చుట్టాను. ఎముకమీద లాగాను. ముడి బయటికి వేశాను. అలవాటు కొద్దీ అంచులో వేలు పెట్టి చూశాను. చుట్టూ ఉన్నవాళ్ళల్లో ఎవరో అడిగారు, "గింత మంచిగ కట్టుడు యాడ నేర్సినవ్ రా?" అని.

ఈసారి చెప్పాను.

"మా నాయిన నేర్పిండు."